కప్ప తీసిన రాళ్ళ ఫోటోలు

సోమవారం

నాకు మతిమరుపు లేదు. పొద్దున ఫోన్‌లో నువ్వన్నది తప్పు, అమ్మాయీ. నీకు చెప్పదలుచుకోని సంగతి వచ్చినప్పుడల్లా నేను "గుర్తులేదే" అంటాను. వాటన్నిటినీ నువ్వు మతిమరుపు కింద జమ వేసుకుని డాక్టరు దగ్గరికి వెళ్దామంటున్నావు. ఉద్యోగమంతా కాలేజీలో కెమిస్ట్రీ చెప్పినదాన్ని. మొదటి ఏడాది చివరి బెంచీలో ఎవరి రికార్డు చూసి ఎవరు రాశారో, ఏ తప్పును తప్పుగానే ఎక్కించుకున్నారో ఇప్పటికీ చెప్పగలను.

ఇదంతా నీతో అనను. ఇక్కడ రాసుకుంటాను. రోజూ బీపీ రాసుకోమని నువ్వే కొనిచ్చిన డైరీ కాబట్టి, నిన్ను పట్టుకుని తిట్టడానికి ఇంతకంటే తగిన చోటు లేదు.

ఇవాళ్టి బీపీ: బాగుంది.

నన్నిక్కడికి ఎందుకు పంపావో కూడా గుర్తుంది. నీ కూతురికి నచ్చజెప్పి వెంటబెట్టుకు రమ్మన్నావు. నీ స్టూడియోలో కుర్చీ ఉంది, వెనక తెల్లతెర ఉంది, మనుషులు వాళ్ళంతట వాళ్ళే వచ్చి కూర్చుంటారు, గడ్డం కొంచెం ఎత్తమని చెప్పి నొక్కితే పాస్‌పోర్టు ఫోటో తయారు. అంత సుఖమైన పని వదిలేసి అది ఊళ్ళు పట్టుకు తిరుగుతోందని నీ బాధ. నీ పని సుఖమైనదే, కాదనను. నువ్వు తీసిన ఫోటోలో నా గడ్డం మీది పుట్టుమచ్చ మాయమైంది. ఏదో మరక అనుకుని తుడిచేశానన్నావు. పాస్‌పోర్టు ఆఫీసులో కౌంటరు వెనక కూర్చున్న పిల్ల ఆ ఫోటో వంకా నా వంకా చూసి, "ఈవిడ రాలేదా అండీ? మీ చెల్లెలా?" అంది. నీ చేతిలో పడితే కన్నతల్లికీ దిక్కులేదు.

సరే. మన కప్ప ఏం చేస్తోందని అడిగావు. (చిన్నప్పుడు నీళ్ళతొట్టిలో కూర్చుని లేవనని మొండికేసినప్పుడు నేను పెట్టిన పేరది. నేను వచ్చాక ఇక్కడ కూడా అందరూ అలాగే పిలుస్తున్నారు. నా రాక వల్ల జరిగిన మొదటి మేలు.) రాళ్ళ ఫోటోలు తీస్తోందన్నాను. అబద్ధమా? రాళ్ళ ఫోటోలే. పరిశోధన కోసం అన్నాను. పరిశోధన కోసమే. ఆ రాళ్ళు ఎక్కడున్నాయని నువ్వడగలేదు.

ఆ రాళ్ళు నీళ్ళలో ఉన్నాయి. మేముంటున్న అద్దె ఇల్లు ఒక పాత రాతి క్వారీ అంచున ఉంది. క్వారీ అడుగున నీలంగా ఒక మడుగు. మడుగు వెనకగోడకి, నీటిమట్టానికి బాగా కింద, తలుపంత కంత. దాని వెనక గుహ, నిండా నీళ్ళు. ఒకప్పుడది పొడిగుహేనట. కప్పు నుంచి సున్నపునీళ్ళు చుక్కచుక్కగా కారి నేల మీద రాతిస్తంభాలు లేచాయి. ఆ తర్వాత నీళ్ళొచ్చి ముంచేశాయి. ఆ స్తంభాల్లో ఒకదాన్ని కోసి లోపలి పొరలు పరీక్షిస్తే ఏ కాలంలో ఎంత వాన పడిందో తెలుస్తుందట. ఈ "అట"లన్నీ ఈ పరిశోధన నడిపే సున్నం గారివి. ఆయన అసలు పేరూ, పేరు వెనక హోదాలూ చాలా పొడుగు. నోరు తెరిస్తే సున్నపురాయి తప్ప మరో మాట రాదు గనక నాకు సున్నం గారు.

కోసేముందు ఆ స్తంభం అక్కడ ఎలా నిలబడి ఉందో అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీయాలి. ఒకసారి కోశాక ఆ చోటు ఇంక ఫోటోల్లోనే మిగులుతుంది. ఆ పని కప్పది. వీపున గాలి సిలిండర్లు, చేతుల్లో పెట్టెలో పెట్టిన కెమెరా, అలా ఈదుకుంటూ గుహలోకి పోతుంది. పైకి తేలి ఊపిరి పీల్చుకుందామంటే కుదరదు, నెత్తిన రాయి. వెళ్ళిన దారినే వెనక్కి రావాలి.

"అది నీళ్ళ దగ్గరికి వెళ్ళట్లేదు కదమ్మా?" అన్నావు.

"నీళ్ళ దగ్గర అసలు నిలబడదే," అన్నాను.

మంగళవారం

వంటింటి బల్ల నాది కాదని ఇవాళ తెలిసింది. పొద్దున నేను టీకప్పు పెట్టబోతే కప్ప కెవ్వుమంది. బల్ల నిండా తెల్ల తువ్వాలు, దాని మీద కెమెరా పెట్టె రెండు ముక్కలుగా విప్పి ఉంది. రెండు ముక్కలకీ నడుమ నల్లటి రబ్బరు రింగు. కుక్కరు మూతకి ఉండేలాంటిదే, ఇంకా సన్నం. ఆ రింగు మీద ఒక్క వెంట్రుక పడినా, ఒక్క ఇసుకరేణువు అతుక్కున్నా నీళ్ళు లోపలికొస్తాయి, కెమెరా ఆ పూటతో సరి.

"అమ్మమ్మా, తలకి స్కార్ఫు కట్టుకో."

"ఎందుకే?"

"నీ జుట్టు రాలుతోంది."

"రాలే జుట్టుంది కాబట్టి రాలుతోంది. మీ అమ్మని అడుగు, దానికి ఆ బాధ కూడా లేదు."

కట్టుకున్నాను. నా వంటింట్లో నేనే ఆపరేషను థియేటరులో నర్సులా తిరుగుతున్నాను. అది మాత్రం రింగుని వేళ్ళ మధ్య నుంచి నెమ్మదిగా లాగుతూ, కళ్ళు మూసుకుని, వేలికొసలతో తడిమి చూసింది. తర్వాత ఇంత గ్రీజు రాసింది. చంటిపిల్లకి నూనె రాసినట్టు రాసింది. ఆ రింగూ, దానికి తోడు ఇంకొకటీ ఒక చిన్న గుండ్రటి డబ్బాలో ఉంటాయి. ఆ రెండే. ఇంకోటి కావాలంటే పట్నం నుంచి రావాలి.

సున్నం గారు వచ్చి అరగంటసేపు సున్నం గురించి మాట్లాడారు. ఫార్ములా ఒకచోట తప్పు చెప్పారు. సరిదిద్దాను. అప్పట్నుంచి నన్ను మేడమ్ అంటున్నారు.

బీపీ: బాగుంది.

బుధవారం

నేనొచ్చాక మొదటిసారి దిగారు. నేను క్వారీ ఇనుపమెట్ల మీద కూర్చున్నాను, అల్లిక చేతిలో పట్టుకుని. పైన రాతిచూరు నుంచి నీళ్ళు కారుతుంటాయి కాబట్టి గొడుగు మెడకీ భుజానికీ మధ్య ఇరికించుకున్నాను. వానా లేదు, ఎండా లేదు, గోతిలో గొడుగేసుకుని మేజోడు అల్లుకునే ముసలమ్మని. చూసేవాళ్ళు లేకపోవడం వాళ్ళ దురదృష్టం.

ముందు తాడమ్మ దిగింది. ఆవిడే వీళ్ళ నాయకురాలు. నిలువెత్తు మనిషి, మాట తక్కువ. గుహలో బయటికి దారి తెలియడానికి ఆవిడే తాడు కట్టుకుంటూ పోతుంది. అడుగున ఒండుమట్టి లేచి ఏమీ కనబడకపోయినా ఆ తాడు తడుముకుంటూ వెనక్కి రావచ్చు. దిగేముందు ఒక్కొక్కరి మొహంలోకీ చూసి "సరేనా?" అని అడిగింది. అందరూ సరే అన్నారు. దిగారు.

నేను మేజోడు చుట్టు పూర్తిచేసేలోపే పైకి తేలారు. ముఖానికి కట్టుకున్న అద్దం తీశాక చూశాను, కప్ప మొహంలో నెత్తుటిచుక్క లేదు. మెట్లెక్కి, సిలిండర్లు దింపి, నన్ను దాటుకుని తిన్నగా ఇంటికెళ్ళిపోయింది. కెమెరా పెట్టెని కూడా వేరేవాళ్ళు మోసుకొచ్చారు.

"ఏమైంది?" అన్నాను.

"కప్ప డైవ్ ఆపమంది. ఆపేశాం," అంది తాడమ్మ.

"ఎందుకు?"

"అది అడగం అమ్మగారూ."

"అడగకపోవడమేమిటి?"

"అదే మా రూలు. ఎవరైనా, ఎప్పుడైనా, ఏ కారణమూ చెప్పకుండా ఆపేయొచ్చు. వేలు పైకి చూపిస్తే చాలు, అందరం వెనక్కి తిరుగుతాం. ఎందుకని ఎవరూ అడగరు. పైకొచ్చాకా అడగరు, తర్వాతా అడగరు."

సున్నం గారు కూడా అడగలేదు. పొడి తువ్వాలు అందించారు, అంతే. ఈ రూలు పెట్టిన మహానుభావుడు ఎవరో గానీ, నా క్లాసులో కూర్చోలేదు. నా దగ్గర రికార్డు రాయనివాడు కారణం చెప్పాలి, ఆ కారణం నాకు నచ్చాలి, నచ్చినా మార్కులు పోవాలి. ఎందుకు అన్న మాటతోనే నేను ఇల్లు కట్టాను, నిన్ను చదివించాను. ఆ మాట వాడకూడదని నాకు చెబుతున్నారు.

బీపీ: బాగుంది.

గురువారం

అది తనంతట తనే చెప్పింది. నేను అడగలేదు. అడగకుండా దాని ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను, అంతే.

ఫోటో తీసేవాళ్ళు మాత్రమే చేసే తప్పట. కన్ను కెమెరాలో ఉంది. స్తంభం మీద వెలుగు బాగా పడుతోంది. ఇంకాస్త పక్కకి జరిగితే బాగుంటుందనిపించింది, జరిగింది. ఇంకాస్త. ఎప్పుడు వదిలిందో తెలియదు, తాడు చేతిలో లేదు. అప్పుడే కాలు తగిలి అడుగున ఒండు లేచింది. సుద్దనీళ్ళలా అయిపోయింది. తన చేతుల్లో కెమెరా తనకే కనిపించలేదు.

"తాడు జానెడు దూరంలోనే ఉంది అమ్మమ్మా. తడిమితే దొరికింది. కానీ ఆ కాసేపూ..."

ఆ కాసేపూ ఏమిటో చెప్పలేదు. నేనూ అడగలేదు. రూలు అలవాటైపోయిందేమో.

సాయంత్రం సున్నం గారు వాకిట్లో నన్ను పట్టుకున్నారు. వానలు మొదలైతే మడుగు మట్టినీళ్ళవుతుందట, ఈ ఏటికి ఇంక ఫోటోలు లేవు. శనివారం ఒక్కటే మిగిలింది. "కప్ప దిగనంటే ఒక్క మాట అనం మేడమ్. వేరే ఫోటోగ్రాఫరు ఉన్నారు, వచ్చే ఏడాది ఆయన్ని పిలుస్తాం. కానీ ఈ గుహ దొరికిన దగ్గర్నుంచీ తీస్తున్నది ఈ అమ్మాయే. ఈ స్తంభం మీద ఏ గీత ఎక్కడుందో నాకంటే తనకే బాగా తెలుసు."

లోపలికొచ్చి చూస్తే కప్ప బల్ల దగ్గర కూర్చుని రింగుకి గ్రీజు రాస్తోంది. శనివారం దిగుతానంది. చేతులు వణకడం లేదు. నేను బాగా చూశాను.

నువ్వు ఫోన్ చేసి "ఏమంటోంది, వస్తుందా?" అన్నావు. "ఆలోచిస్తోంది," అన్నాను. ఎవరు ఆలోచిస్తున్నారో చెప్పలేదు.

బీపీ: బాగుంది.

శుక్రవారం

వంటింటి బల్ల సర్దాను. చిన్న చిన్న డబ్బాలు చాలా ఉన్నాయి. ఎక్కడివక్కడ పెట్టాను.

శుక్రవారం, దీపాలు పెట్టాక

రబ్బరు రింగుల డబ్బా కనబడటం లేదు.

ఇల్లంతా వెతికాం. సున్నం గారు బల్ల కింద నాలుగు కాళ్ళ మీద పాకారు, అంత చదువుకున్న మనిషి. తాడమ్మ చెత్తబుట్ట బోర్లించి చూసింది. అందరికంటే ఎక్కువ వెతికింది నేనే. పరుపులెత్తాను. సబ్బుల అలమర ఖాళీ చేశాను. ఫ్రిజ్‌లో కూడా చూశాను. "వయసు మీద పడింది నాయనా, చేత్తో పెట్టింది కూడా గుర్తుండి చావట్లేదు," అన్నాను. తాడమ్మ పాపం నన్ను కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. మనసున్న మనిషి.

నువ్వన్నదాంట్లో కొంత నిజముందేమో. ఈ వయసుకి కాస్త మతిమరుపు సహజమే.

అందరూ వెళ్ళాక కప్ప వచ్చి నా మంచం చివర కూర్చుంది.

"అమ్మమ్మా, డబ్బా చూశావా?"

"ఏ డబ్బా?"

అది నవ్వింది. "నువ్వెప్పుడూ 'ఏ డబ్బా' అని అడగవు. నా వస్తువు ఏది పోయినా 'ఎక్కడ పారేశావే' అని ముందు నన్నే తిడతావు. ఇవాళ పొద్దుట్నుంచీ నన్ను ఒక్క తిట్టు తిట్టలేదు."

"ఒంట్లో బాలేదు."

"సరే. ఒకటి చెప్తాను, విను. బుధవారం నీకు తాడమ్మ చెప్పిన రూలు నీళ్ళలోకి దిగేవాళ్ళకే కాదు. మెట్ల మీద కూర్చునేవాళ్ళకీ ఉంది. రేపు మేము దిగేముందు ఆవిడ నిన్ను కూడా అడుగుతుంది, నేను అడగమన్నాను. నువ్వు వద్దంటే దిగం. ఎందుకని నిన్నెవరూ అడగరు. నేను కూడా అడగను, ఎప్పటికీ. వద్దనుకుంటే ఆ ఒక్క మాట అను. దీనికి డబ్బాలతో పనేముంది?"

"నాకేం తెలుసు డబ్బా సంగతి?"

"నీకు తెలుసని నేనన్నానా?" అని లేచింది. గుమ్మం దగ్గర ఆగి, "తాడుని స్తంభం పక్కకి మార్చి కట్టమన్నాను. ఫోటో తీస్తున్నంతసేపూ అది నా మోచేతి మడతలో ఉంటుంది. కన్ను ఎక్కడున్నా సరే. నువ్వు అడుగుతావని ఆలోచించి పెట్టాను, ఇలా చేస్తే మళ్ళీ జరుగుతుందా అని," అంది.

ఇంత తెలివి దీనికి ఎవరి నుంచి వచ్చిందో. నీ నుంచి మాత్రం కాదు.

శనివారం

డబ్బా దొరికింది. నా ఉన్నిసంచిలో, ఎర్ర ఉన్ని ఉండ మధ్యలో ఉంది. అందులోకి ఎలా దూరిందో.

శనివారం, మళ్ళీ

బీపీ: చూసుకోలేదు.

తాడమ్మ ఒక్కొక్కరినీ అడుగుతూ వచ్చింది. సరేనా? సరే. సరేనా? సరే. కప్ప నడుములోతు నీళ్ళలో నిలబడి కెమెరా పెట్టెని ముంచి, బుడగలొస్తున్నాయేమో చూసుకుంటోంది. రింగు పట్టుకుంది, ఒక్క బుడగ రాలేదు. చివరికి తాడమ్మ తలెత్తి మెట్ల మీదున్న నన్ను చూసింది.

"అమ్మగారూ, మీరు సరేనా?"

అందరూ నా వంక చూశారు. కప్ప ఒక్కతే చూడలేదు. కెమెరా వంకే చూస్తోంది, నా మాట నా ఇష్టమన్నట్టు. అప్పుడు అర్థమైంది ఆ రూలు ఎంత చెడ్డదో. కారణం చెప్పాలంటే నా దగ్గర ఏదో ఒకటి తయారుగా ఉంటుంది. నీరు చల్లగా ఉంది, మబ్బు పట్టింది, మీ సున్నం గారికి ఫార్ములాలు రావు. కారణం అక్కర్లేదంటే మిగిలేది నాకు భయమేస్తోంది అన్న ఒక్క ముక్కే. అది నాది. దాని మెడకి ఎందుకు కట్టడం?

నోరు తెరిచాను. ఏం వస్తుందో నాకే తెలియదు.

"గొడుగు ఇరికించుకుని మెడ నొప్పెడుతోంది. తొందరగా కానివ్వండి," అన్నాను.

"అది సరే అన్నట్టా?" అంది తాడమ్మ.

"సరే అన్నట్టే."

కప్ప అప్పుడు తలెత్తింది. "అమ్మమ్మా, కదలకుండా ఆ మెట్టు మీదే ఉండు. గుహలోంచి బయటికి వస్తుంటే నువ్వున్న చోటే ముందు కనిపిస్తుంది."

మునిగారు. బుడగలు కాసేపు మడుగు మీద నడిచి, రాతిగోడ దగ్గరికి వెళ్ళి ఆగిపోయాయి. నీరు మళ్ళీ నీలంగా, ఏమీ ఎరగనట్టు సర్దుకుంది.

అల్లుకున్నాను. చూరు నుంచి గొడుగు మీద చుక్కలు పడుతున్నాయి. సున్నం గారు నా పక్క మెట్టు మీద కూర్చుని ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన నోట సున్నం రాకపోవడం అదే మొదటిసారి. "ఏదైనా మాట్లాడండి," అన్నాను. "ఏం మాట్లాడమంటారు మేడమ్?" అన్నారు. "మీ రాయి గురించే చెప్పండి." చెప్పారు. ఒక చుక్క పడి ఆరి, దాని మీద ఇంకో చుక్క పడి ఆరి, అలా ఆ స్తంభం నా వేలిగోరంత పెరగడానికి ఎన్ని తరాలు పడుతుందో చెప్పారు. మామూలుగా అయితే నిద్రొచ్చేది. ఫార్ములా ఈసారి సరిగ్గానే చెప్పారు. నేనే వినలేదు.

బుడగలు మళ్ళీ గోడ దగ్గర కనిపించినప్పుడు సున్నం గారు లేచి నిలబడ్డారు. నేను లేవలేదు. కదలొద్దని చెప్పింది కదా, అందుకని.

ముందు తాడమ్మ తల. ఆ తర్వాత కాసేపు ఎవరూ లేరు. ఆ కాసేపూ.

తర్వాత కప్ప. అద్దం పైకి తోసి, నోట్లో గొట్టం తీసి, "వచ్చాయి," అంది. "అన్నీ వచ్చాయి."

సున్నం గారు బట్టలతోనే నీళ్ళలోకి దిగిపోయారు.

ఇంటికొచ్చాక చూసుకుంటే మేజోడు మడమ దగ్గర తిప్పాల్సింది తిప్పలేదు. తిన్నగా గొట్టంలా అల్లుకుంటూ పోయాను. కప్ప పక్కన పరిచి చూసి, "ఇది ఎవరికి అమ్మమ్మా, పాముకా?" అంది. కొత్త రకం డిజైను అని చెప్పాను.

ఆదివారం

పొద్దున కంప్యూటరులో ఫోటోలు చూపించింది. స్తంభం అన్ని వైపుల నుంచీ. నీడ లేదు, మట్టి లేదు, పక్కన కొలత చూపే గీతల కర్ర. మైనం కరిగి కారినట్టు, తాకితే వేడిగా ఉంటుందేమో అన్నట్టు ఉంది. సున్నం గారు ఒక్కో ఫోటో దగ్గరా ముక్కు తుడుచుకున్నారు. జలుబు చేసిందట.

ఆఖరి ఫోటో పరిశోధనకి పనికొచ్చేది కాదు. బయటికి వస్తూ, గుహ చీకట్లోంచి మడుగు పైకి తీసింది. చుట్టూ నల్లటి రాతి అంచు, మధ్యలో నీలం, ఆ నీలం పైన వెలుతురు. నేను చాలాసేపు చూశాను. ఎందుకని అది కూడా అడగలేదు.

ఎప్పుడొస్తుందని రేపు నువ్వు అడుగుతావు. రాదు. వచ్చే ఏడాది ఇంకో గుహ ఉందట, దీనికంటే పెద్దది. నేనూ వస్తానన్నాను, ఉన్నిసంచి తెచ్చుకోకూడదన్న షరతు మీద ఒప్పుకుంది. రేపు నీకు సంగతంతా చెప్పేస్తాను. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అరుస్తావు. గుర్తులేదంటాను.

అరిచాక నువ్వు చేయాల్సిన పని ఒకటుంది, మాట తడబడకుండా ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను. ఆఖరి ఫోటో నీకు పంపిస్తుంది. స్టూడియోలో ఉన్న పెద్ద సైజు కాగితం మీద నువ్వే ప్రింటు తియ్యి, మెరిసే కాగితం వద్దు, గరుకుది. నీలం ఎక్కువైందని రంగులు సర్దకు, అది అలాగే ఉంటుంది. అంచులు కత్తిరించకు. కుర్చీకి ఎదురుగా గోడ మీద పాత క్యాలెండరు తీసేసి అక్కడ తగిలించు, గడ్డం ఎత్తమని నువ్వు చెప్పినప్పుడు జనం చూడటానికి ఏదైనా ఉండాలి. మేకు గట్టిగా కొట్టు. ఇంకొకటి. వెలుతురు మధ్యలో, పై అంచుకి దగ్గరగా, చిన్న నల్లటి మచ్చ ఉంటుంది. కాస్త గుండ్రంగా, కింద కాడ ఉన్నట్టు. దాన్ని తుడిచెయ్యకు. అది నేను, గొడుగేసుకుని.